కొండ సొమ్ము

పావని ముందు చెయ్యి చాపింది. చెయ్యి అవతలికి పోయింది. ఎడమకాలు ఎత్తి తెల్లగీత అవతల పెట్టింది. కాలూ పోయింది. ఆ తర్వాత ఒళ్ళు ముందుకు వంచి నడవబోయిందో లేదో, గాలిలో ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు పొట్ట దగ్గర ఆగిపోయింది.

"నడువు పావనీ, డాక్టరమ్మ వెళ్ళిపోతుంది," అన్నాడు గీత అవతల ఆటో దగ్గర నిలబడిన ఆమె మొగుడు కిశోర్.

"నడుస్తానే ఉండా. పోవడం లేదు."

"చాల్లే పరాచికాలు."

"పరాచికం కాదయ్యా! పొట్ట పోవడం లేదు."

వెనకాల సంచీ పట్టుకుని నిలబడిన తల్లి ఓబుళమ్మ సంచీ కింద పెట్టేసింది. ఆమె మామూలుగానే గుండె అరచేత పట్టుకుని తిరిగే మనిషి. గేదె ఒక పూట మేత ముట్టకపోతే చచ్చిపోతుందేమో అనుకుంటుంది. మొగుడు పెంచలయ్య పొలం నుంచి రావడం ఆలస్యమైతే పాము కరిచిందేమో అనుకుంటుంది. అనుకున్నవాటిలో నూటికి తొంభై జరగవు. కానీ ఇది ఆమె అనుకోనిది. ఇన్ని భయాలు పడిన మనిషికి ఈ ఒక్క భయం ఎందుకు తట్టలేదో.

"వెనక్కి రా బిడ్డా," అంది. "తొయ్యొద్దు. నిదానంగా వెనక్కి రా."

ఎద్దులకొండ చుట్టూ ప్రభుత్వం పాతించిన ఇనప స్తంభాలు ఒకదానికొకటి కనపడేంత దూరంలో ఉంటాయి. మధ్యలో నేల మీద తెల్లగీత తప్ప తీగ లేదు, ముళ్ళు లేవు. చూసేవాళ్ళకి మేకపిల్ల కూడా దూరిపోతుందనిపిస్తుంది. మేకపిల్ల దూరదు. అదే ఆ కంచె గొప్పతనం.

కంచె రాకముందు ఆ ఊరి ఏట్లో నీళ్ళ కంటే లారీలే ఎక్కువ ఉండేవి. రాత్రీ పగలూ ఇసుక తోలేవాళ్ళు. కొండ మీద ఎర్రచందనం నరికి దించేవాళ్ళు. బోర్లు ఎండిపోయాయి, ఊట సన్నగిల్లింది. ఓబుళమ్మ పెద్దకొడుకు మహేశు సైకిల్ మీద ట్యూషన్‌కి పోతూ ఇసుక లారీ కింద పడింది ఆ రోజుల్లోనే. డ్రైవరు దొరకలేదు. దొరికినా ఏం లాభం, ఆ డ్రైవరు కాకపోతే ఇంకొకడు.

అప్పుడు ప్రభుత్వం చట్టం చేసింది. అంతకుముందు ఏ కొండను కాపాడాలన్నా అక్కడి ఊళ్ళను లేపేసేవాళ్ళు. ఈసారి ఒక్క కుటుంబాన్నీ కదిలించం అన్నారు. మీరూ ఈ కొండ సంపదలో భాగమే అని మంత్రిగారు మైకులో అంటే ఊరంతా చప్పట్లు కొట్టింది. కంచె నిలబెట్టిన రోజు, నిండా ఇసుక నింపిన లారీని అందరి ముందూ గీత దాటించారు. డ్రైవరు దాటాడు. ఇంజనూ టైర్లూ దాటాయి. ఇసుక మాత్రం గోడకి ఒరిగినట్టు ఇవతలే ఒరిగి, వెనక తలుపు విరుచుకుని కుప్పగా రాలింది. ఖాళీ లారీ అవతలికి పోయి నిలబడింది. కుర్రకారు ఈలలేశారు. ఓబుళమ్మ మరునాడు పోయి స్తంభానికి పసుపూ కుంకుమా పెట్టి, తల ఆనించి ఏడ్చి వచ్చింది.

ప్రతి కొండకీ దాని నీళ్ళలో, రాళ్ళలో ఒక ఆనవాలు ఉంటుందట. ఆ నీళ్ళు తాగిన చెట్టులోకి, ఆ ఆకు మేసిన మేకలోకి అదే చేరుతుందట. స్తంభాలు ఆ ఆనవాలును పసిగట్టి లోపలికి నెడతాయి. బయటివాళ్ళు రావచ్చు, పోవచ్చు. కొండ సొమ్ము మాత్రం కొండ దాటదు.

మొదట్లో రాళ్ళూ దుంగలూ మాత్రమే ఆగేవి. దొంగలు ఊరుకుంటారా? చందనాన్ని పొడి కొట్టి జేబుల్లో పోసుకుని పోవడం మొదలుపెట్టారు. ప్రభుత్వం స్తంభాల పదును పెంచింది. పొడి ఆగింది. దాంతో పాటు పాలక్యాన్లు ఆగాయి, సంతకి తోలిన గొర్రెలు ఆగాయి. ఒకరోజు గుండెనొప్పితో ఆసుపత్రికి బయల్దేరిన సాలమ్మ మొగుడు ఆగిపోయాడు. పుట్టినప్పటి నుంచి ఊట నీళ్ళు తాగిన ఒళ్ళు. డాక్టరు లోపలికి వచ్చేసరికి గీత పక్కనే మంచం మీద పోయాడు. ఊరు గోల చేసింది. పెద్ద పెద్ద అధికారులు వచ్చి, తప్పయిందని లెంపలేసుకున్నంత పని చేసి, ఊళ్ళోకే ఆసుపత్రి గది, బ్యాంకు, రేషనుకొట్టు తెచ్చారు. పాలు అమ్ముకోలేని వాళ్ళకి నెలనెలా పరిహారం వేశారు. మీకేం తక్కువ చేశాం, బయట ఏముంది అన్నారు.

ఊరికి ఊపిరాడలేదు. నిజం చెప్పాలంటే ఓబుళమ్మకి ఆడింది. లారీలు లేవు. పెంచలయ్య ఎక్కడికీ పోలేడు. పోయినవాళ్ళ గురించి గుమ్మంలో కూర్చుని ఎదురుచూడక్కర్లేదు. ఒక్క పావనే బయట. చిన్నప్పుడే హాస్టల్లో చేరి, అటు నుంచి అటే పెళ్ళయి పోయింది కాబట్టి ఆ పిల్లని కంచె పట్టించుకోదు.

అందుకే పావని నీళ్ళోసుకుందని తెలియగానే ఓబుళమ్మకి నిద్ర కరువైంది. టౌన్లో నీళ్ళు మంచివి కావు, బండ్లెక్కువ, అల్లుడు పనికి పోతే పిల్ల ఒంటరిది. తొలికాన్పు పుట్టింట్లో కావడం ఎటూ ఆనవాయితీ. ఏడో నెల దాకా ఆగమన్నా ఆగకుండా ఐదో నెలలోనే తెచ్చుకుంది. తెచ్చుకునే ముందు కంచె చూసుకునే మేడమ్‌ని అడిగింది కూడా. మేడమ్ పావని వెంట్రుక ఒకటి మిషన్లో పెట్టి చూసి, ఏం కాదు, ఎన్నిసార్లైనా వచ్చి పోవచ్చు అంది.

రాగిసంగటి, గేదెనెయ్యి, మేక కాలేయం, ఊట నీళ్ళు. మూడు నెలలు పెట్టిందే పెట్టి, తిననంటే బతిమాలి పెట్టింది.

*

మేడమ్ పేరు మృణాళిని. ఊటకి పైన, రేకుల కప్పు కేంద్రంలో ఉంటుంది. సెలవుకి ఇంటికి పోవాలి కాబట్టి ఇక్కడి నీళ్ళు చుక్క ముట్టదు. అన్నీ బయటి నుంచి తెప్పించుకుంటుంది. మా నీళ్ళు చేదా మేడమ్ అని ఆడవాళ్ళు ఎకసెక్కాలాడితే నవ్వి ఊరుకుంటుంది.

పావనిని బల్ల మీద పడుకోబెట్టి, చిన్న పెట్టెలాంటిదాన్ని పొట్ట చుట్టూ తిప్పింది. తెర మీద గీత అమాంతం పైకి లేచింది. మేడమ్ పెట్టెను ఇంకోసారి తిప్పి చూసింది.

"చెప్పండమ్మా. బిడ్డ బతికుండాదా?" అంది ఓబుళమ్మ.

"బతికే ఉంది. బాగా కదులుతోంది." పెట్టె పక్కన పెట్టింది. "ఓబుళమ్మగారూ, మీ అమ్మాయి ఒళ్ళు ఎప్పుడో బయట కట్టిన ఇల్లు అనుకోండి. మీరు పెట్టిన తిండి ఆ ఇంటి మరమ్మతులకే సరిపోయింది. లోపల ఉన్నది కొత్త ఇల్లు. గోడల నుంచి కప్పు దాకా మీరిచ్చిన సామానుతోనే లేచింది. కంచెకి ఆ బిడ్డ ఈ కొండ బిడ్డే."

"మరి మీరే గదా ఏం కాదంటిరి?"

"అన్నాను. వెంట్రుక చూశాను. కడుపు గురించి ఆలోచించలేదు."

"మీకు పిల్లల్లేరా మేడమ్?"

"ఒక పాప ఉంది."

ఆ మాట అడిగినందుకు ఓబుళమ్మకే సిగ్గేసింది.

సరే, కాన్పు ఇక్కడే చేసుకుందాంలే, ఆసుపత్రి గది ఉంది గదా అన్నాడు పెంచలయ్య. అదీ నిజమే అనుకున్నారు. కానీ మిషన్ మోసుకుని లోపలికి వచ్చిన డాక్టరమ్మ, పొట్ట మీద జిగురు రాసి చూసి, కిశోర్‌ని వసారాలోకి పిలిచింది. ఓబుళమ్మ తలుపు వెనక నిలబడి విన్నది. బిడ్డ గుండె నుంచి మంచి రక్తమూ చెడ్డ రక్తమూ పోయే గొట్టాలు తారుమారయ్యాయట. కడుపులో ఉన్నన్నాళ్ళూ తల్లి రక్తం నడిపిస్తుంది. పుట్టాక కొద్ది రోజుల్లోనే ఆపరేషన్ చెయ్యాలి. చేస్తే మామూలు పిల్లల్లాగే బతుకుతుంది.

"ఇక్కడ చేయలేరా డాక్టర్?" అన్నాడు కిశోర్.

"రక్తాన్ని బయటికి తీసి తిప్పే యంత్రాలు, పది పన్నెండు మంది మనుషులు, నెల రోజులు చూసుకునే వార్డు. ఇవి మోసుకొచ్చేవి కావు. తిరుపతి తీసుకుపోవాలి. కాన్పు అక్కడైతే ఇంకా మంచిది."

ఓబుళమ్మ తలుపు దగ్గర నుంచి పోయి నేతిగిన్నె మూసిపెట్టింది. తన బిడ్డకి కడుపు నిండా పెట్టినందుకు లోకంలో ఏ తల్లికైనా ఇలా జరుగుతుందా?

*

ఒక దారి ఉందని మేడమ్ చెప్పింది. బిడ్డ ఇంకా పెరుగుతోంది. ఇప్పటి నుంచి పావని నోట్లోకి పోయే ప్రతిదీ బయటిదైతే, కొత్త సామాను చేరి పాతది పలచనవుతుంది. గీత దాటేంత పలచనైతే చాలు.

కిశోర్ బియ్యం సంచులు, పప్పు ప్యాకెట్లు, నీళ్ళ క్యాన్లు తెచ్చాడు. కొత్త గిన్నెలు తెచ్చాడు. గ్యాస్ పొయ్యి తెచ్చి వసారాలో పెట్టి తనే వండడం మొదలుపెట్టాడు.

"ఏందయ్యా ఆ అన్నం? ముద్ద ముద్దగా. బిడ్డ ఎట్లా తింటాది?"

"తింటాది అత్తా. మీరు దూరంగా ఉండండి."

"నేనేం చేసినా?"

"ఏం చెయ్యలేదు. పెరుగు తోడేసిన చెయ్యి అది. కడుక్కున్నా మళ్ళీ ఊట నీళ్ళతోనే గదా కడుక్కునేది."

ఓబుళమ్మ తన చేతులకేసి చూసుకుంది. ఇరవై ఏళ్ళకు పైగా పిల్లలకి తినిపించిన చేతులు. వాటిని చీరకొంగులో దాచుకుని గేదె దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రోజు నుంచి పావనికి తల దువ్వడం కూడా మానేసింది. నూనె ఇక్కడిదే గదా.

శుక్రవారం శుక్రవారం అందరూ గీత దగ్గరికి పోయేవాళ్ళు. పావని మెల్లగా నడిచి, పొట్ట ఆగిన చోట నిలబడేది. ఆమె పాదం ముందు మేడమ్ సుద్దముక్కతో గీత గీసేది. రెండో వారానికి, కంచె నెట్టుడు తగ్గి, సుద్దగీత కాస్త ముందుకు జరిగింది. తర్వాతి వారం ఇంకాస్త జరిగింది. ఇంకొక్క అడుగుంది అంది మేడమ్, మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వి. పెంచలయ్య తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. సంతోషపడితే దిష్టి తగులుతుందని, దిష్టి తీస్తే ఆ ఉప్పూ మిరపకాయలూ ఎక్కడివోనని, రెంటి మధ్యా నలిగిపోయింది.

తర్వాతి శుక్రవారం పొట్ట వెనకే ఆగిపోయింది. ఆ పైవారం ఇంకా వెనక.

మేడమ్ సుద్దముక్క పారేసి లేచింది. "ఓబుళమ్మగారూ, నిజం చెప్పండి. ఏం పెడుతున్నారు?"

"నేనేం పెట్టలేదు."

"కొద్దిగా పాలు? పిల్ల చిక్కిపోయిందని?"

"నా బిడ్డ మీద ఒట్టు మేడమ్."

"ఏం మే," అన్నాడు పెంచలయ్య, ఎప్పుడూ గొంతు పెంచనివాడు, "నీ సంగతి నాకు తెలీదా? దొంగతనంగా పెరుగన్నం పెట్టింటావు. నీ ప్రేమతో చంపుకుంటావా దాన్ని?"

పావని తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

ఓబుళమ్మ ఆ వారమంతా తన్ను తనే అనుమానించుకుంది. నిద్రలో లేచి పెట్టానా? నా చెమట గాలికి పోతోందా? నా ఊపిరి పట్టిందా? మంచం తీసుకుపోయి కొట్టంలో వేసుకుంది. కూతురితో మాట్లాడాలంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో నుంచే మాట్లాడింది.

ఒక సాయంత్రం సన్నగా తుంపర పడింది. ఏడాది కరువు తర్వాత కురిసినట్టు మట్టి వాసన గుప్పుమంది. ఓబుళమ్మ గేదెను కట్టెయ్యడానికి కొట్టం వెనక్కి పోయింది. అక్కడ తడిసిన గోడకి ఒరిగి పావని నిలబడి ఉంది. గోటితో గోడ గీకుతోంది. గీకి, చుట్టూ చూసి, నోట్లో పెట్టుకుంటోంది. పెదవి చివర ఎర్రమట్టి.

"పావనీ!"

పిల్ల ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి దాచుకుంది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"మొన్నటి వానప్పటి నుంచి." ఏడుపు అందుకుంది. "ఆ వాసనకి ఆగలేకపోతాండా మా. రాత్రంతా అదే గుర్తొస్తాది. చిటికెడే గదా, అన్నం కాదు గదా, ఏమవుతాదిలే అనుకున్నా."

"నన్ను అందరూ అంటాంటే నోరు మూసుకుని నిలబడినావే?"

"సిగ్గేసింది."

ఓబుళమ్మ చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ గోడ తను ఏటేటా కొండ కింది ఎర్రమట్టి తెచ్చి మెత్తింది. ఈ పిల్ల కడుపులో ఉన్నప్పుడు తనూ ఇదే గోడ గీకి తిన్నది. అత్త చూసి నవ్వి, కడుపుతో ఉన్న ఆడదాని నోరు మట్టి అడుగుతుంది, తిననీ అంది. ఎవరిని కొట్టాలి? చెయ్యి దించి, కొంగుతో కూతురి పెదవి తుడిచింది. తర్వాత, ముట్టుకోకూడదన్న మాట పక్కన పెట్టి దగ్గరికి తీసుకుంది.

*

"మట్టిలో ఆనవాలు నీళ్ళలో కంటే గాఢం," అంది మేడమ్. "మళ్ళీ పలచన కావాలంటే రెండు నెలలు పడుతుంది. మనకంత గడువు లేదు."

పై ఆఫీసుకి ఫోన్ చేసింది. ఓబుళమ్మ వినాలని స్పీకర్ పెట్టింది. అవతలి గొంతు మర్యాదగానే ఉంది. చాలా బాధాకరం అంది. ఒక్కరి కోసం కంచె దించితే రేపు ప్రతి కొండ దగ్గరా అడుగుతారు అంది. కమిటీ వేస్తాం, నివేదిక వచ్చాక తప్పకుండా చూస్తాం, అప్పటిదాకా డాక్టర్లను లోపలికి పంపుతాం అంది. ఫోన్ పెట్టేశాక గదిలో ఊట నీళ్ళ చప్పుడు మాత్రం వినపడింది. కేంద్రం కిందుగా తొట్టిలోకి పడుతున్నాయవి.

"రోడ్డు మీది స్తంభాలు రెండూ ఆపితే సరిపోదా మేడమ్?"

"అన్నీ ఈ తొట్టి నీళ్ళను చూస్తూనే నిలబడి ఉన్నాయి. ఆపితే అన్నీ పోతాయి. పోయినవి మళ్ళీ కొత్త వాన నీళ్ళతో నేర్చుకుని లేవాలి. ఈ ఏటి పెద్ద వానలు అయిపోయాయి. అంటే వచ్చే ఏటి దాకా కొండకి కాపలా లేదు."

ఓబుళమ్మకి లారీలు గుర్తొచ్చాయి. ఏటి రోడ్డు మీద దుమ్ము. ఆ దుమ్ములో పక్కకి పడున్న సైకిలు.

"దించడం నా చేతిలో పని," అంది మేడమ్ మెల్లగా. "దించితే నా ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు. అది నా సంగతి. కానీ ఈ కొండ నాది కాదు. మీ ఊరికి తెలియకుండా దించను. మీరు అడగండి."

"నేనా? నేను ఊళ్ళో ఏనాడూ నోరెత్తలేదు."

"ఇంకెవరు అడుగుతారు?"

పాలకేంద్రం మూతపడ్డాక దాని రేకుల కొట్టమే ఊరికి కూడలి. మధ్యాహ్నానికి అందరూ చేరారు. ఓబుళమ్మ కొట్టం గుంజను పట్టుకుని నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

మరిది మునెయ్య లేచాడు. "వదినా, నీ కష్టం మా కష్టమే. కానీ నా బాయిలో నీళ్ళు ఎన్నాళ్ళకు కనపడినాయి? పిల్లోళ్ళు ఈత కొడతాండారు దాంట్లో. ఏడాది వదిలితే ఏట్లో ఇసుక ఉంటాదా? ఇసుక పోతే ఊట ఉంటాదా?"

"దించేద్దాం!" వెనక నుంచి ఒక పిల్లవాడు అరిచాడు. "నేను సముద్రం చూడాల!"

"నువ్వు చూసి వచ్చేసరికి ఇక్కడ తాగడానికి నీళ్ళుండవు, కూచోరా!"

అప్పుడు సాలమ్మ లేచింది. చేతికర్ర ఓబుళమ్మ వైపు చాపింది. "మా ఆయన గీత పక్కన రొప్పుతా పడుంటే ఈ కంచె ఎవరు దించినారు? నువ్వు దించమంటివా? స్తంభానికి పసుపు పూసిన దానివి. ఇప్పుడు నీ మనవడికి కష్టమొస్తే కొండ పోయినా పరవాలేదా?"

ఆ ముసలామె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

"అప్పుడు నేను దించమనలేదు పెద్దమ్మా," అంది ఓబుళమ్మ. "మా మహేశును తిన్న లారీలు మళ్ళీ రాకుంటే చాలనుకున్నా. మీ ఆయన పోయినా అదే అనుకున్నా. ఇప్పుడు ఆ లారీల్ని నా నోటితో నేనే పిలుస్తాండా. తిట్టండి. కొట్టండి. కానీ దించమని చెప్పండి."

ఎవరూ తిట్టలేదు. దించమనీ చెప్పలేదు. సాలమ్మ కర్ర దించి, నేల మీద ఉమ్మి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒకరూ, ఇంకొకరూ, తువ్వాళ్ళు దులుపుకుని లేచి పోసాగారు. కొట్టం ఖాళీ అయింది.

"వాళ్ళేం చెప్పలేదు," అంది మేడమ్ దిగులుగా.

"చెప్పినారు," అన్నాడు పెంచలయ్య. "వద్దనేదుంటే మా ఊరోళ్ళు కూచుని పోట్లాడతారు. లేచిపోయినారంటే, కానీమని."

మేడమ్ ఇంకోసారి అడగలేదు. కేంద్రంలోకి పోయి తలుపు వేసుకుంది. సాయంత్రానికి తొట్టి ఎండింది. ఇన్నాళ్ళూ ఊరి చెవుల్లో ఉండీ లేనట్టుండే స్తంభాల సన్నటి రొద ఒక్కసారిగా ఆగిపోయింది. కొట్టాల్లో గేదెలు తలెత్తి చూశాయి.

*

తెల్లారేసరికి పావనికి నడుం నొప్పి మొదలైంది. కిశోర్ ఆటో వాకిట్లోకి తెచ్చాడు. ఓబుళమ్మ గుడ్డలు మూట కట్టుకుని వచ్చి చూస్తే పెంచలయ్య చేతిలో దుడ్డుకర్ర ఉంది.

"నువ్వు రావా?"

"మునెయ్యా వాళ్ళూ బండ్లు తోలుకుపోయి ఏటి దారికి అడ్డం పెట్టినారు. నేనూ ఆడికే పోతాండా."

"కర్రలు పట్టుకుని లారీలకి అడ్డం పోతారా? వాళ్ళు తొక్కించేస్తారు. వాళ్ళు మనుషుల్ని చూడరు. నీకు తెలీదా?"

"తెలుసు. నాకు తెలుసు కాబట్టే పోతాండా." పావని తల మీద చెయ్యి పెట్టి తీసి, ఆటోలోకి ఎక్కించాడు. "దించమని అడిగింది మనమే. నేను ఇంట్లో కూచుంటే బాగుండదు మే. నువ్వు పో."

ఆటో కదిలింది. ఓబుళమ్మ ఒక చెయ్యి కూతురి పొట్ట మీద పెట్టుకుని, ఇంకో చేత్తో ఇనపకడ్డీ పట్టుకుని కూర్చుంది. రోడ్డు మీది స్తంభాలు కనపడగానే కళ్ళు గట్టిగా మూసుకుంది. మిషన్ తప్పు చెప్పుంటే? ఇంకా కాస్త బలం మిగిలుంటే? బండి వేగానికి పొట్ట వెనకే ఉండిపోతే?

ఏమీ కాలేదు. కళ్ళు తెరిచేసరికి గీత వెనకబడిపోయింది. అరచేతి కింద బిడ్డ ఒక తన్ను తన్నింది. ఓబుళమ్మ తన ఒళ్ళు తడిమి చూసుకుంది. ఆమె కూడా దాటింది. పదేళ్ళ తర్వాత మొదటిసారి.

"మా, వచ్చేసినామా?"

"వచ్చేసినాం బిడ్డా."

అంతలో ఆటో ఆగిపోయింది. ముందంతా లారీలే; కంచె దిగిందన్న కబురు రాత్రికి రాత్రే పాకినట్టుంది. రోడ్డు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నిండిపోయి, మలుపు అవతల దాకా ముక్కుకి తోక ఆనించుకుని నిలబడ్డాయి. ఖాళీ లారీలు. కొన్నింటి మీద గడ్డపారలు, పారలు, రంపాలు. మనుషులు టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నారు. పెళ్ళికి వచ్చినవాళ్ళలా ఉన్నారు.

కిశోర్ హారన్ కొట్టాడు. పావని మూలిగింది. ఓబుళమ్మ ఆటో దిగి మొదటి లారీ దగ్గరికి నడిచింది. తలెత్తి చూస్తే డ్రైవరు పిల్లవాడు, పాతికేళ్ళుండవు. నుదుట విభూతి బొట్టు.

"నాయనా, కాన్పు నొప్పులు. దోవ ఇయ్యి."

ఆ పిల్లవాడు గ్లాసు పారేసి కిందికి దూకాడు. "ఒరేయ్, వెనక్కి తీయండ్రా! ఆడమనిషికి నొప్పులంట! రివర్స్, రివర్స్!" అని అరుస్తూ పరుగెత్తాడు. ఒక్కో లారీ తట్టి లేపుతూ, చేతులతో సైగలు చేస్తూ, రోడ్డంచున గుంటలోకి దించించాడు. ఆటో పట్టేంత దారి పడింది. తనే ముందు నడిచి దారి చూపించాడు. చివరి లారీ దాటాక ఆటో పక్కకి వచ్చి, లోపలికి తొంగి చూసి, చేతులు జోడించాడు.

"నిదానంగా తీసుకుపో అన్నా, గతుకులుండాయి. భయపడొద్దమ్మా, అంతా మంచే జరుగుతాది."

"మీకు అడ్డం పెట్టినాం నాయనా," అంది ఓబుళమ్మ. ఏదో ఒకటి అనాలని, ఆ పిల్లవాణ్ణి ఇంకాసేపు ఇక్కడే నిలబెట్టాలని. "పొద్దున్నే ఆలస్యమైపోయింది మీకు."

"పరవాలేదమ్మా." నవ్వాడు. "ఇంక తొందరేముంది. కొండ యాడికి పోతాది?"

ఆటో ముందుకు ఉరికింది. పావని నొప్పికి తల వెనక్కి తిప్పబోతే, ఓబుళమ్మ ఆ తలను గట్టిగా తన భుజానికి అదుముకుంది. వెనక లారీల ఇంజన్లు ఒక్కొక్కటిగా రాజుకుంటున్నాయి. ఏటి దారిలో ఎద్దులబండి కాడి మీద, దుడ్డుకర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడు పెంచలయ్య. ఆపమని అల్లుడితో చెప్పడానికి నోరు తెరిచింది. చేతి కింద పొట్ట బిగుసుకుంది.

"పోనీ నాయనా," అంది. "ఇంకా జోరుగా పోనీ."